విజయవాడ వేడిలో మెత్తటి ఓట్స్ కుకీలు: నా అనుభవం

మన ఇళ్ళలో బిస్కెట్ మెత్తగా ఉందంటే డబ్బా మూత ఎవరో సరిగ్గా పెట్టలేదని అర్థం. కరకరలాడితేనే అది బిస్కెట్. అమెరికాలో ఇళ్ళల్లో చేసుకునే ఓట్‌మీల్ కుకీ తీరు వేరు. అంచు కొద్దిగా బిగుసుకుని ఉంటుంది, మధ్య భాగం పొంగి మెత్తగా ఉంటుంది. నములుతుంటే ఓట్స్ పలుకులు తగులుతాయి, మధ్యమధ్య ఎండు ద్రాక్ష, పైన దాల్చినచెక్క వాసన. విరిస్తే టక్కున విరగదు, మెల్లగా వంగి విడిపోతుంది. ఆ మెత్తదనం కావాలనే నేను ఈ పనిలోకి దిగాను.

కారణం మా అమ్మ. ఆవిడకి పైవరస కట్టుడు పళ్ళు. గట్టి బిస్కెట్ కొరకలేదు, టీలో ముంచుకుంటే అడుగున ముద్ద చేరుతుందని ముంచుకోదు. తమ్ముడి దగ్గర డాలస్‌లో కొన్నాళ్ళు ఉండి వచ్చినప్పుడు, అక్కడ మా మరదలు చేసిపెట్టిన ఓట్స్ కుకీల గురించి చెప్పడం మొదలుపెట్టింది. తిండి విషయంలో నోరు తెరిచి ఫలానాది కావాలని అడిగే మనిషి కాదు. అలాంటిది, "అది మాత్రం బాగుందే, దూదిలా ఉంది, పంటికి కష్టం లేదు" అని రెండు మూడుసార్లు అంది. ఇక్కడ బేకరీల్లో దొరికే ఓట్స్ బిస్కెట్లు తెచ్చి చూశాను. రుచి బాగానే ఉన్నా అన్నీ గట్టివే. ఇంట్లో ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉంది, ఎప్పుడో కేక్ చేయడం తప్ప పెద్దగా వాడలేదు. మరదల్ని అడిగితే వాట్సాప్‌లో రెసిపీ పంపింది.

ఆ రెసిపీలో తప్పేమీ లేదు. కానీ అది ఏసీ వేసిన ఇంట్లో, అక్కడి కొలతలతో, అక్కడి పంచదారతో, అక్కడి వెన్నతో రాసుకున్న రెసిపీ. ఏప్రిల్ చివర్లో, విజయవాడలో, మా వంటింట్లో దాన్ని ఉన్నదున్నట్టు చేస్తే ట్రేలో పెట్టిన ఉండలన్నీ కరిగి ఒకదానికొకటి అతుక్కుని ఒకే పలక అయ్యాయి. చల్లారాక చాకుతో ముక్కలు కోశాను. చిక్కీలా పళ్ళకి అంటుకుంది. అమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని పక్కన పెట్టేసింది.

ముందు కొలతల సంగతి తేల్చుకోవాల్సి వచ్చింది. "ఒక స్టిక్ బటర్" అని ఉంది. అక్కడ బటర్ కడ్డీల్లా చుట్టి అమ్ముతారట, ఒక స్టిక్ అంటే 113 గ్రాములు. "350 డిగ్రీలు" అంటే ఫారెన్‌హీట్. మన ఓటీజీ మీద 250 దాటి అంకె ఉండదు. 350 ఫారెన్‌హీట్ మన లెక్కలో సుమారు 175 సెల్సియస్. "కప్పు" అంటే 240 మిల్లీలీటర్లు, మనం టీ తాగే కప్పు కాదు. అదే కప్పుతో మైదా తీసుకున్నా, చెంచాతో మెల్లగా పోస్తే 120 గ్రాములు పడుతుంది, డబ్బాలో ముంచి అదిమి తీస్తే 150 దాకా వెళ్తుంది. కుకీలో 30 గ్రాముల మైదా తేడా అంటే చాలా ఎక్కువ. అందుకే గ్రాములు చూపించే చిన్న కిచెన్ స్కేల్ కొన్నాను. బేకింగ్ మొదలుపెట్టే వాళ్ళెవరైనా అడిగితే నేను ముందు చెప్పేది అదే కొనమని. అచ్చులూ, నాజిల్సూ తర్వాత చూసుకోవచ్చు.

ఇక ఓట్స్. మన షాపుల్లో పొద్దున పాలల్లో వేసి రెండు నిమిషాల్లో ఉడికించుకోవడానికి అమ్మేవి ఎక్కువగా ఇన్‌స్టంట్ రకం. వాటిని బాగా పల్చగా, చిన్న ముక్కలుగా చేసి ఉంటారు. పిండిలో పడగానే నీళ్ళు పీల్చుకుని ముద్దయిపోతాయి, కుకీ మెత్తగానే వస్తుంది కానీ నమలడానికి ఏమీ మిగలదు, ఉప్మా తిన్నట్టే. రోల్డ్ ఓట్స్ అని ప్యాకెట్ మీద రాసి ఉన్నవి తీసుకోవాలి. ఓట్ గింజని ఆవిరి పట్టి రోలర్ల మధ్య నొక్కి అటుకులుగా చేసినవి అవి. స్టీల్ కట్ అని ఉండేవి గింజని తరిగిన నూక, ఈ పనికి అసలు పనికిరావు, ఎంత కాల్చినా పలుకు పలుకుగానే ఉంటాయి. అమ్మకి రోల్డ్ ఓట్స్ కూడా అక్కడక్కడ పంటి కింద ఇబ్బంది పెడుతున్నాయి అనిపించి, మొత్తం ఓట్స్‌లో మూడో వంతు తీసి మిక్సీలో ఒక తిప్పు తిప్పి పిండి చేసి కలపడం మొదలుపెట్టాను. కుకీ ఇంకా దూదిలా రావడానికి ఈ ఒక్క మార్పే చాలా సాయం చేసింది. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అని ఒక రకం పీచు ఉంటుంది, అది తడిని పట్టి ఉంచుకుని జిగురుగా మారుతుంది. ఓట్స్ జావ చల్లారాక చిక్కబడేది దానివల్లే. పిండి చేసి వేస్తే ఆ జిగురు మైదాతో బాగా కలిసి, కాలాక కూడా లోపల తడి నిలుస్తుంది.

వెన్న దగ్గర నేను ఎక్కువ రోజులు ఆగిపోయాను. అన్ని రెసిపీల్లోనూ "రూమ్ టెంపరేచర్ బటర్" అని ఉంటుంది. చల్లటి దేశాల్లో రూమ్ అంటే 20 డిగ్రీలు. మా వంటింట్లో మే నెలలో మధ్యాహ్నం ఫ్యాను కింద కూడా 35 ఉంటుంది. బటర్ కరిగిపోయేదే ఇంచుమించు ఆ వేడి దగ్గర. అంటే మా గదిలో బయట పెట్టిన బటర్ మెత్తబడటం కాదు, నూనె అవుతుంది. ఎందుకు ఇంత పట్టింపు అంటే, బటర్‌లో పంచదార వేసి గిలక్కొట్టేటప్పుడు పంచదార పలుకులు ఆ బటర్‌లోకి గాలిని లాక్కెళ్తాయి. ఆ చిన్న చిన్న గాలి బుడగలే తర్వాత ఓవెన్‌లో పెద్దవై కుకీని పైకి లేపుతాయి. కరిగిన బటర్‌లో గాలి నిలవదు. సోడా ఎంత వేసినా, లోపల బుడగే లేకపోతే సోడా గ్యాస్ పోయి చేరడానికి చోటుండదు.

అందుకని వేసవిలో నేను చేసే పద్ధతి ఇది. ఫ్రిజ్ లోంచి తీసిన బటర్‌ని చిన్న ముక్కలుగా కోసి స్టీలు గిన్నెలో వేస్తాను. పది నిమిషాలు చాలు. వేలితో నొక్కితే గుంట పడాలి, కానీ వేలికి నూనె తడి అంటకూడదు, అదే గుర్తు. గిన్నెని చల్లటి నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టి హ్యాండ్ బీటర్‌తో కొడతాను. రెండు మూడు నిమిషాలకి పసుపు రంగు పోయి తెల్లబడి, నురగలా తేలికవుతుంది. బీటర్ లేకపోతే చెక్క గరిటెతో ఓపిగ్గా కొట్టినా వస్తుంది, చెయ్యి మాత్రం నొప్పి పుడుతుంది. డిసెంబరులో ఈ హడావుడి ఏదీ అక్కర్లేదు.

ఇంట్లో మీగడ చిలికి తీసిన వెన్నతో కూడా చేశాను. అది ఇంకా కమ్మగా ఉంటుంది. కానీ అందులో మజ్జిగ ఎంత మిగిలిందో చెప్పలేం. కొన్న బటర్‌లో కొవ్వు 80 శాతం, నీళ్ళు 16 శాతం దాకా ఉంటాయి. ఇంటి వెన్నలో నీళ్ళు అంతకంటే ఎక్కువ. చల్లటి నీళ్ళతో కడిగి, బాగా పిండి, గుడ్డ మీద కాసేపు పెట్టాకే తూచాలి. నెయ్యితో చేస్తే మాత్రం మెత్తటి కుకీ రాదు. నెయ్యిలో నీళ్ళు ఉండవు, పూర్తిగా కొవ్వే. నాన్‌ఖటాయిలా నోట్లో పొడి పొడిగా రాలిపోతుంది. నాన్‌ఖటాయికి అదే అందం, మనకి కావాల్సింది వేరు.

పంచదార విషయంలో నాకు చాలా సంతోషం కలిగించిన సంగతి ఒకటుంది. ఈ కుకీలో బ్రౌన్ షుగర్ ముఖ్యం. తెల్ల పంచదార కుకీని పల్చగా పరిచి కరకరలాడిస్తుంది. బ్రౌన్ షుగర్‌లో మొలాసిస్, అంటే చెరుకు మడ్డి, ఉంటుంది కాబట్టి అది గాలిలో తడిని కూడా పీల్చుకుని కుకీని మెత్తగా ఉంచుతుంది. షాపులో దొరికిన బ్రౌన్ షుగర్ రెండు రకాలు. తడి ఇసుకలా, పిడికిలి పడితే ముద్ద కట్టేది ఒకటి. ఎర్రగా, పెద్ద పెద్ద పలుకులతో పొడిగా ఉండేది ఇంకొకటి. రెండోది కాఫీలోకి బాగుంటుంది, ఈ కుకీకి అంతగా పనిచేయదు. మొదటి రకం మా వీధిలో దొరకలేదు, దొరికిన చోట ఖరీదు ఎక్కువ.

అప్పుడే అమ్మ, "బెల్లం వెయ్యరాదుటే? చెరుకు మడ్డి కావాలంటావు, బెల్లంలో లేనిదా అది?" అంది. ఇంట్లో అనకాపల్లి బెల్లం ఉంది. దాన్ని సన్నగా కోరి, జల్లెడ పట్టి, పిప్పీ ఇసుకా తీసేసి వేశాను. అప్పటిదాకా చేసిన అన్నిటికంటే ఆ కుకీలు మెత్తగా వచ్చాయి. బెల్లంలో చెరుకు మడ్డి అంతా అలాగే ఉంటుంది, తడిని పట్టుకునే గుణం బ్రౌన్ షుగర్ కంటే ఎక్కువే కానీ తక్కువ కాదు. వర్షాకాలంలో బెల్లం చెమ్మగిల్లి కారడం మనందరం చూసిందే కదా. రుచి అమెరికా కుకీ కంటే కొంచెం మనవైపు జరిగింది. దాల్చినచెక్కా బెల్లమూ బాగా కలుస్తాయి. యాలకులు కూడా వేసి చూశాను, కానీ అప్పుడది పండగ పిండివంట వాసన వచ్చేసింది. దాల్చినచెక్కనే ఉంచాను.

బెల్లంతో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. బెల్లాన్ని కరిగించి వడకట్టి వేయకూడదు, నీళ్ళు ఎక్కువై పిండి జారుతుంది. కోరి జల్లించడమే మంచిది. రెండోది సోడా సంగతి. వంట సోడా పనిచేయాలంటే కొంచెం పులుపు తగలాలి. బ్రౌన్ షుగర్‌లో ఆ పులుపు ఉంటుంది. బెల్లం వండేటప్పుడు రసంలోని మురికి తీయడానికి సున్నం వేస్తారు కాబట్టి దాంట్లో పులుపు ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి ఉండదు. సోడా మిగిలిపోతే సబ్బు నాకినట్టు ఉంటుంది. అందుకని బెల్లంతో చేసిన ప్రతిసారీ ఒక టీ స్పూను పుల్లటి పెరుగు కలుపుతున్నాను. ఆ వాసన మళ్ళీ రాలేదు.

పిండిని నానబెట్టడం దగ్గర కూడా అమ్మే దారి చూపించింది. రెసిపీలో "ఒక గంట ఫ్రిజ్‌లో పెట్టాలి" అని ఉంటే బటర్ గట్టిపడటానికే అనుకున్నాను. తొందర ఉన్నప్పుడు ఆ పని మానేసి, ఫ్రీజర్‌లో పావుగంట పెట్టి తీసేదాన్ని. అప్పుడు పరుచుకోవడం తగ్గింది కానీ చల్లారాక కుకీ లోపల పొడిగా ఉండేది. అమ్మ ఒక ముక్క విరిచి చూసి, "పిండి నానలేదే. అరిసెలకి పొడి పిండితో చేస్తే ఎలా ఉంటాయి? తడి పిండి ఉండాలి, ఆ తడి ఆరకముందే పాకంలో పడాలి. నీ ఓట్స్ ఇంకా పొడిగా ఉన్నాయి" అంది. సంక్రాంతికి అరిసెలు చేసిన చెయ్యి అది. బియ్యం నానబోసి, వడేసి, తడి ఆరకుండా దంచి, జల్లించి, ఆ పిండి గాలికి ఎండకుండా అదిమిపెట్టి చేస్తేనే అరిసె రోజుల తరబడి మెత్తగా ఉంటుందని ఆవిడకి తెలుసు. ఇక్కడా అంతే. ఓట్స్ పొడి అటుకులు. పిండి కలిపిన వెంటనే కాలిస్తే, ఓవెన్ వేడిలో అవి గుడ్డులోని, బటర్‌లోని తడిని లాక్కుని మిగతా పిండిని ఎండబెడతాయి. గంటకి తక్కువ కాకుండా, వీలైతే రాత్రంతా ఫ్రిజ్‌లో పెడితే ఓట్స్ ముందే తృప్తిగా తాగేస్తాయి. అప్పుడు కాలేటప్పుడు ఎవరి తడి వాళ్ళ దగ్గరే ఉంటుంది. రాత్రి కలిపి పెట్టి పొద్దున కాల్చిన కుకీకి రంగూ రుచీ కూడా ఎక్కువ.

ఎండు ద్రాక్షకీ ఇదే న్యాయం. ఎండుగా వేస్తే అవి కూడా పిండి నుంచి నీళ్ళు లాగుతాయి, పైకి తేలినవి మాడి రాళ్ళలా అవుతాయి. వేడి నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, ఉబ్బాక వడేసి, పొడి గుడ్డ మీద ఆరబెట్టి వేయాలి. పసుపు కిస్‌మిస్ కంటే నల్ల ఎండు ద్రాక్ష ఇందులో బాగుంటుంది.

మెత్తదనం ఇలా కుదిరింది. పొంగడం ఇంకొక లెక్క. మామూలు ఓట్‌మీల్ కుకీలో మైదా కంటే ఓట్స్ బాగా ఎక్కువ వేస్తారు, అది కొంచెం పల్చగా, సాగుతున్నట్టు ఉంటుంది. దూదిలా ఎత్తుగా కావాలంటే మైదా, ఓట్స్ సమానంగా వేసుకోవాలి. వంట సోడా కుకీని పక్కకి పరుస్తుంది, రంగు తెస్తుంది. బేకింగ్ పౌడర్ పైకి లేపుతుంది. రెండూ కొంచెం కొంచెం ఉండాలి. ఒక టీ స్పూను కార్న్‌ఫ్లోర్ కలిపితే మైదాలోని జిగురు బలం తగ్గి ఇంకా మృదువుగా వస్తుంది. గోధుమ పిండితో చేయమని చాలామంది అంటారు. మైదా మొత్తం తీసేసి గోధుమ పిండి వేస్తే కుకీ బరువుగా, పొడిగా వచ్చింది. పొట్టు నీళ్ళు ఎక్కువ తాగుతుంది. సగం సగం వేసి ఒక చెంచా పాలు ఎక్కువ పోస్తే ఫరవాలేదు. పిండి వేశాక మాత్రం చపాతీ పిండిలా పిసకకూడదు. గరిటెతో కిందా పైనా కలిపి, తెల్ల మైదా కనపడకుండా పోగానే ఆపేయాలి.

ఇప్పుడు నేను చేసే కొలత ఇలా ఉంది. ఉప్పు లేని బటర్ 100 గ్రాములు, కోరిన బెల్లం 100 గ్రాములు, మామూలు పంచదార 30 గ్రాములు, గుడ్డు ఒకటి, వెనీలా ఎసెన్స్ ఒక టీ స్పూను, పుల్లటి పెరుగు ఒక టీ స్పూను. పొడి సరుకులో మైదా 110 గ్రాములు, ఓట్స్ 110 గ్రాములు (అందులో మూడో వంతు పొడి చేసినవి), కార్న్‌ఫ్లోర్ ఒక టీ స్పూను, వంట సోడా అర టీ స్పూను, బేకింగ్ పౌడర్ పావు టీ స్పూను, దాల్చినచెక్క పొడి అర టీ స్పూను, ఉప్పు పావు టీ స్పూను, నానబెట్టిన ఎండు ద్రాక్ష 60 గ్రాములు. ఇంట్లో ఉప్పు బటరే ఉంటే విడిగా ఉప్పు వేయొద్దు. టీ స్పూను అంటే 5 మిల్లీలీటర్ల కొలత చెంచా, గీటుగా తీసుకోవాలి, సోడా విషయంలో మరీ ముఖ్యంగా. పంచదార కాస్త ఎందుకంటే, దాని పలుకులు లేకపోతే బటర్‌లో గాలి సరిగా చేరదు, అంచు కూడా బిగుసుకోదు. పూర్తి బెల్లంతో చేస్తే అంచులేని మెత్తటి ముద్ద అవుతుంది. బటర్, పంచదార, బెల్లం బాగా గిలక్కొట్టాక గది వేడికి వచ్చిన గుడ్డు వేసి ఇంకో నిమిషం కొట్టాలి. ఫ్రిజ్ లోంచి తీసి వెంటనే వేస్తే బటర్ విరిగినట్టు అవుతుంది. తర్వాత పెరుగు, వెనీలా, జల్లించిన పొడులు, ఓట్స్, చివర ద్రాక్ష.

ఫ్రిజ్‌లో నానిన పిండిని 40 గ్రాముల ఉండలు చేస్తే పధ్నాలుగు దాకా వస్తాయి. ఉండల్ని అరచేత్తో నొక్కకండి. కొంచెం ఎత్తుగా, పొడుగ్గా పెడితే మధ్యలో ఎత్తు నిలుస్తుంది. ఉండకీ ఉండకీ రెండు మూడు అంగుళాల ఎడం ఉండాలి. మా 25 లీటర్ల ఓటీజీ ట్రేలో ఒకసారికి ఆరు పడతాయి. మిగతా ఉండలు అప్పటిదాకా ఫ్రిజ్‌లోనే ఉండాలి, వేసవిలో ప్లాట్‌ఫాం మీద పెడితే ఐదు నిమిషాల్లో జారిపోతాయి. ట్రే మీద బటర్ పేపర్ వేస్తాను. రెండో వాయికి వేడి ట్రే మీదే పెట్టకుండా ట్రేని నీళ్ళ కింద చల్లార్చి తుడుస్తాను.

ఓటీజీ గురించి ఒక మాట. దాని గుండీ మీద రాసిన అంకెని నమ్మడానికి లేదు. లోపల పెట్టుకునే చిన్న థర్మామీటర్ కొని చూస్తే, నేను 175 దగ్గర తిప్పినప్పుడు లోపల దాదాపు 200 ఉంది. అడుగు మాడి, మధ్య పచ్చిగా ఉండటానికి కారణం అదీ. ఇప్పుడు గుండీని 155 దగ్గర పెడతాను, లోపల 175 వస్తుంది. మీ ఓవెన్‌కి వేరే లెక్క ఉండొచ్చు, చూసుకోవాల్సిందే. పైనా కిందా రెండు రాడ్లూ వెలిగించి, ఖాళీగా పావుగంట వేడి చేశాకే ట్రే పెట్టాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని రోజుల్లో నేను మొదలుపెట్టను. మధ్యలో కరెంటు పోతే బటర్ కరిగిపోతుంది, పిండి మాత్రం నిలబడదు.

ఓవెన్ లేని వాళ్ళు అడుగున ఇసుకో రాళ్ళుప్పో పోసి, స్టాండు పెట్టి, మందపాటి గిన్నెలో లేదా రబ్బరూ విజిలూ తీసేసిన కుక్కర్లో చేసుకోవచ్చు. మా అక్క ఊళ్ళో అలాగే చేస్తుంది. పైన రంగు రాదు, మెత్తదనానికి లోటు లేదు, టైమ్ మాత్రం దాదాపు రెట్టింపు పడుతుంది.

అన్నిటికంటే ధైర్యం కావాల్సింది ఓవెన్ లోంచి తీసేటప్పుడు. పది నుంచి పన్నెండు నిమిషాలు. అంచులు లేత గోధుమ రంగుకి వచ్చి, మధ్యలో ఇంకా తడిగా, మెరుస్తూ, వేలు పెడితే దిగిపోయేట్టు ఉన్నప్పుడే తీసేయాలి. మన వంటల్లో పచ్చిగా కనపడేదాన్ని దించే అలవాటు లేదు. గారె అయినా జంతిక అయినా నూనెలో నురగ తగ్గి, రంగు వచ్చాకే తీస్తాం. కుకీని కూడా అలా ఎర్రబడేదాకా ఉంచితే చల్లారాక బిస్కెట్ అయి కూర్చుంటుంది. ట్రే వేడి మీద అది ఇంకో పది నిమిషాలు లోపల ఉడుకుతూనే ఉంటుంది. అప్పుడే గరిటెతో తీస్తే విరిగిపోతుంది, ట్రే మీదే వదిలేయాలి. ఆ పది నిమిషాల తర్వాత జాలీ మీదకి మార్చాలి. మా ఆయన మొదట్లో, "ఇంకా ఉడకలేదు, లోపల పెట్టు" అని పక్కన నిలబడి చెప్పేవారు. పూర్తిగా చల్లారాక ఒకటి విరిచి చేతిలో పెట్టాను. ఆ తర్వాత ట్రే జోలికి రాలేదు.

అమ్మ శనివారాలూ కార్తీక మాసమూ గుడ్డు ముట్టదు. దానికి పెరుగుతోనూ అవిసె గింజలతోనూ చేసి చూశాను. గుడ్డు బదులు 45 గ్రాముల గట్టి పెరుగు వేస్తే కేక్‌కి దగ్గరగా, మరీ మెత్తగా వస్తుంది, నమలడానికి సాగుదల ఉండదు. ఒక టేబుల్ స్పూను అవిసె గింజల పొడిని మూడు టేబుల్ స్పూన్ల నీళ్ళలో పది నిమిషాలు నానబెడితే గుడ్డు సొనలా జిగురవుతుంది. అది వేసిన కుకీ గుడ్డుదానికి చాలా దగ్గరగా వచ్చింది. అవిసె వాసన బెల్లం, దాల్చినచెక్క కింద తెలియదు. మా ఇంట్లో ఇప్పుడు ఎక్కువసార్లు చేసేది ఇదే.

నిల్వ గురించి. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో, పూర్తిగా చల్లారాకే పెట్టాలి. డబ్బాలో ఒక బ్రెడ్ ముక్క పెడితే బ్రెడ్ ఎండిపోతుంది, దాని తడి తీసుకుని కుకీలు మెత్తగా ఉంటాయి. నాలుగైదు రోజులు నిశ్చింతగా ఉంటాయి. జూలై, ఆగస్టుల్లో మా దగ్గర గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి బ్రెడ్ అవసరం రాదు, అప్పుడు ఎక్కువ రోజులు ఉంచితే బూజు భయం, తొందరగా తినేయడమే. ఫ్రిజ్‌లో పెడితే తాజాగా ఉంటాయనుకుంటాం కానీ, ఆ చల్లదనంలో పిండి పదార్థం ఇంకా త్వరగా బిరుసెక్కుతుంది. గట్టిపడిన కుకీని మైక్రోవేవ్‌లో పది సెకన్లు పెడితే మళ్ళీ మెత్తబడుతుంది. కాల్చని ఉండల్ని మాత్రం ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు, కరిగించకుండా నేరుగా ట్రే మీద పెట్టి రెండు నిమిషాలు ఎక్కువ కాలిస్తే సరిపోతుంది.

ఒక విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఓట్స్ ఉన్నాయి, బెల్లం ఉంది కాబట్టి ఇది ఆరోగ్యమని షుగర్ ఉన్నవాళ్ళకి పెట్టకండి. పై లెక్కలో ఒక్కో కుకీలో బెల్లం, పంచదార కలిపి 9 గ్రాములకి పైనే, బటర్ 7 గ్రాములు. బెల్లమైనా రక్తంలో చేసేది పంచదార పనే. కొన్న బిస్కెట్‌లో ఏముందో తెలియదు, ఇందులో ఏముందో నాకు తెలుసు, నాకు కావాల్సిన మెత్తదనం ఉంది, అంతవరకే. అమ్మకి సాయంత్రం టీతో ఒకటి ఇస్తాను, రెండోది అడిగితే మర్నాటికి ఉంచుతాను.

ఈ మధ్య మైదాలో కొంత తీసి రాగి పిండి కలుపుతున్నాను. 30 గ్రాముల దాకా బాగానే ఉంది, రంగు ముదిరి, చాక్లెట్ కుకీలా కనిపిస్తోంది, బెల్లంతో రుచి ఇంకా కలిసింది. అంతకు మించితే కుకీ విడిపోతోంది, రాగిలో పట్టి ఉంచే జిగురు లేదు. అవిసె జిగురు కొంచెం పెంచి, పిండిని రాత్రంతా నాననిచ్చి, 50 గ్రాముల దాకా వెళ్ళొచ్చేమో చూడాలి. ఈ ఆదివారం అదే పని.